కేకు కోసం దాచిన వెన్న

మా కోడలు నళినికి కోపం రాదు. కాస్త వస్తే బాగుండునని నేను మొక్కుకున్న రోజు ఒకటుంది.

అది తొంభై నాలుగు, మే నెల. అశోక్‌నగర్‌లో కిరాయికి ఉండేవాళ్ళం. మనవరాలు శ్రీదివ్యకు ఆ రోజుతో పదేళ్ళు. అప్పటిదాకా పుట్టినరోజంటే మా ఇంట్లో సేమ్యా పాయసమే. గల్లీలో తక్కిన పిల్లలకేమో క్రీము పూల కేకులు. "మీ ఇంట్ల కేకు చెయ్యరా?" అని అడిగి అడిగి దాన్ని ఏడిపించారు. అదీ రోషంగా "ఈసారి మా అమ్మనే చేస్తది, గులాబీలు కూడ పెడ్తది" అని ఆరుగురిని పిలిచి వచ్చింది.

కాపురానికొచ్చిన పదమూడేళ్ళలో నళిని నన్ను ఏదీ అడగలేదు. "అత్తమ్మా, రోజూ మీగడ జర నాకు ఉంచుండ్రి" అని అప్పుడు అడిగింది. నారాయణగూడలో ఒకావిడ దగ్గర వారం రోజులు నేర్చుకుని, గుడ్డు లేకుండా, కుక్కర్లో ఇసుక పోసి కేకు కాల్చింది. "ఇసుకల వంటేందే, శనగలు వేపుతున్నవా?" అని ఎగతాళి చేశాను. నవ్వి ఊరుకుంది. కేకు మాత్రం, నిజం చెప్పాలి, చక్కగా పొంగింది.

పన్నెండు రోజుల మీగడ చిలికి తీసిన వెన్నను పై వాటాలోని నర్మద ఫ్రిజ్‌లో దాచింది. మూడింటికి దాన్ని తెచ్చి, మెత్తబడాలని గట్టు మీద పెట్టి, పిల్లకు జడ వేయడానికి వెళ్ళింది.

నేను వంటింట్లోకి వెళ్తే గిన్నెలో వెన్న కనబడింది. వెన్న కనబడితే కాచకుండా వదిలిన ఆడది మా వంశంలో లేదు. కేకు కాలింది కదా, ఇది మిగిలిందనుకున్నాను. పచ్చివెన్న కేకు మీద పూస్తారని నాకెవరు చెప్పారు? పొయ్యి మీద పెట్టి తమలపాకు కూడా తుంచి వేశాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

ఆ వాసనకు నళిని పరిగెత్తుకొచ్చింది. గిన్నె చూసి "అయ్యో, పూలకు ఉంచిన వెన్న అత్తమ్మా!" అంది. అంతే.

ఆ రోజు బంద్. మా అబ్బాయి విద్యాసాగర్ వెన్న కోసం సైకిలు మీద చిక్కడపల్లి అంతా తిరిగి ఉత్త చేతులతో వచ్చాడు. నళిని నెయ్యిని పైకి తీసుకెళ్ళి ఫ్రిజ్‌లో పెట్టింది. అది పూస కట్టింది. సగం తీసి చక్కెర పొడి వేసి గిలకొట్టింది. కేకు మీద పెట్టగానే కారిపోయింది. తుడిచి మళ్ళీ పెట్టింది, మళ్ళీ కారింది. నేను విసనకర్రతో విసురుతూ నిలబడ్డాను. అంతకన్నా నా చేత ఏమవుతుంది? నెయ్యిని తిరిగి వెన్న చేయడం దేవుడి తరం కూడా కాదు.

ఐదింటికి ఆరుగురూ వచ్చారు. "పూలేవే?" అంది ఒక పిల్ల, ఆ బోడి కేకు చూసి. శ్రీదివ్య కళ్ళ నిండా నీళ్ళతో తల్లి వైపు చూసింది.

"నాకే చాతగాలే బిడ్డా," అంది నళిని. "నేనే ఖరాబ్ చేసిన."

నేను అక్కడే ఉన్నాను. గల్లీ మొత్తాన్నీ దులిపే నా నోరు ఆ పూట ఏ గంగలో కలిసిందో! శ్రీదివ్య రెండు రోజులు తల్లితో మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ నేను నిజం చెప్పలేదు.

మర్నాడు అన్నంలోకి నళిని మిగిలిన నెయ్యి వేసింది, నా కంచంలో ఒక చెంచా ఎక్కువే.

"మంచిగ కాగింది, అత్తమ్మా" అంది. ఎత్తిపొడుపైనా బాగుండేది. నిజంగానే అంది.