ఆమెన్ అనేదాకా

మా ఇంట్లో బియ్యం డ్రమ్ముకు తాళం ఉండేది. దాని చెవి నా బొడ్లో ఉండేది. పడుకున్నా అక్కడే, గుడికి వెళ్లినా అక్కడే. యూనివర్సిటీ క్వార్టర్సులో ఇంకెవరింట్లోనూ బియ్యానికి తాళం లేదని మా అబ్బాయి అంటుండేవాడు. ఇంకెవరింట్లోనూ నెలాఖరుకు బియ్యం మిగలడం లేదని నేను అంటుండేదాన్ని.

అవి అరవైల చివరి రోజులు. అబ్బాయి యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా. కోడలు సీతాఫల్‌మండిలో ఒక బడిలో పంతులమ్మ. వాళ్లకు ఒక్కతే కూతురు, నాలుగేళ్లది. మాది కృష్ణా జిల్లా. మా ఆయన పోయాక నేనూ వీళ్ల దగ్గరికే వచ్చేశాను. బియ్యం దొరకడం కష్టంగా ఉన్న కాలం. తార్నాకలో కంట్రోలు దుకాణం వాడు కార్డు మీద ఇచ్చిందానికి ఇంకాస్త కలిపి, ఒకటో తారీఖున డ్రమ్ములో పోస్తే అది నెలంతా రావాలి. మధ్యలో సంచి పట్టుకుని బజారుకు పోవడమంటే నాకు తల కొట్టేసినట్టుండేది.

చిక్కల్లా నా ప్రార్థనతో వచ్చింది. తెల్లవారగానే మోకాళ్ల మీద కూర్చుంటే నాకు త్వరగా లేవడం తెలియదు. ముందు మా వాళ్లు, తరువాత మా ఆయన తరఫు వాళ్లు, తరువాత పాస్టరుగారి కుటుంబం, సముద్రం మీదికి పోయిన బెస్తవాళ్లు, బియ్యం ధర నిర్ణయించే మంత్రులు, ఒకరి తరువాత ఒకరు వచ్చేవాళ్లు. ఎవరినీ వదిలిపెట్టడానికి మనసొప్పేది కాదు. నేను ఆమెన్ అని లేచి తాళం తీస్తే గాని కోడలికి ఎసట్లో పోయడానికి బియ్యం రావు.

ఒకరోజు నేను మా ఆడబిడ్డ మనవల దాకా వచ్చాను. వెనక నుంచి కోడలి గొంతు వినిపించింది.

"అత్తయ్యా, ప్రభువును ఒక్క నిమిషం ఆగమనండి. నాకు బస్సు పోతుంది."

కళ్లు తెరిచాను. చేతిలో గిన్నెతో నిలబడి ఉంది.

"ఆ చెవి నాకివ్వండి. మీ ప్రార్థన మీరు చేసుకోండి, నా వంట నేను చేసుకుంటాను."

"నీకిస్తే ఇరవయ్యో తారీఖుకు డ్రమ్ములో ఎలుకలు దొర్లుతాయి."

"మీ దగ్గరుంటే నెలాఖరు దాకా వస్తాయా?"

"ఎప్పుడు రాలేదు?"

"సరే, ఈ నెల చూద్దాం. నెలాఖరు దాకా వస్తే మళ్లీ నేను ఆ చెవి ఊసెత్తను. ఒక్క రోజు తగ్గినా చెవి నాది."

మా అబ్బాయి వార్తాపత్రిక వెనక ఉన్నాడు. వీడే సాక్షి అన్నాను. పత్రిక కిందికి దిగలేదు గాని, తల ఊగినట్టు కాగితం కదిలింది.

మాట అన్నాను గాని లోపల గుబులే. ఆ చెవి పోతే ఇంట్లో నాకు మిగిలేదేమిటి? వండేది కోడలు, సంపాదించేది ఇద్దరూ. చెవి ఉన్నంతకాలం ఎవరైనా వచ్చి నన్ను అడగాలి. అది పోతే నేను వసారాలో కుర్చీనే.

అందుకని మొదటి రోజు నుంచే బిగించాను. బుధవారం రాత్రి ఉపవాసం పెట్టాను. శుక్రవారం రాత్రి గోధుమరవ్వ ఉప్మా ఒంటికి మంచిదన్నాను. ఇంక తగ్గించడానికి ఏముందా అని చూస్తుంటే దేవుడి పిడికెడు కనబడింది.

మా వాళ్లలో అది పాత అలవాటు. పూటపూటా అన్నం వండే ముందు ఒక పిడికెడు బియ్యం తీసి దేవుడికని వేరే ఉంచుతాం. గుడి తరఫున ఇల్లిల్లూ తిరిగే ఒక పెద్దావిడ వారానికి రెండుసార్లు వచ్చి పట్టుకుపోతుంది. అందరి ఇళ్ల బియ్యమూ కలిపి నెలలో ఆఖరి ఆదివారం గుడి వసారాలోనే చవకగా అమ్ముతారు. వచ్చింది గుడి ఖర్చులకు. మా ఇంట్లో ఆ బియ్యానికి డ్రమ్ము వెనక మేకుకు ఒక గుడ్డ సంచి వేలాడుతుండేది. దాన్ని ఆ పెద్దావిడకు అప్పగించే పని కోడలిది.

నా చెయ్యి నాట్లు వేసిన చెయ్యి. పిడికిలి పడితే గిద్దెడు వస్తుంది. పూటకు గిద్దెడు, రోజుకు రెండు. దేవుడికి ఎగ్గొట్టే ధైర్యం నాకు లేదు. కాని పిడికెడు అన్నారే తప్ప ఎవరి పిడికెడో ఎక్కడా రాయలేదు. ఇంట్లో అన్నిటికన్నా చిన్న పిడికిలి ఎవరిదో నేను వెతకనక్కర్లేకపోయింది.

మనవరాల్ని పిలిచాను.

"ఇవాళ్టి నుంచి దేవుడి బియ్యం నువ్వే వెయ్యాలి. చిన్నప్పుడే నేర్చుకోవాలి భక్తి."

"నేనే వెయ్యాలా?"

"నువ్వే. తాళం తీసి నేను కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తాను. నేను ఆమెన్ అనేదాకా నీ పని నువ్వు చెయ్యి. నోరు మెదిపావంటే ఊరుకోను."

పిల్ల బుద్ధిగా తల ఊపింది. ఆ రోజు నుంచి రెండు పూటలా అదే వరస. చేటలోకి వంట బియ్యం కొలిచి పెట్టి, డ్రమ్ము మూత తీసే ఉంచి, నేను కళ్లు మూసుకునేదాన్ని. పిల్ల డ్రమ్ము పక్కన నిలబడేది. అది కిక్కురుమనేది కాదు. ఎంత మంచి పిల్ల అని ప్రార్థన మధ్యలోనే మురిసిపోయేదాన్ని.

ఈ సంగతి స్త్రీల సమాజం దాకా పోయింది. పాస్టరమ్మగారు అందరి ముందూ నన్ను లేపి నిలబెట్టారు. "మనవరాలికి ఇప్పటి నుంచే ఇవ్వడం నేర్పుతున్నారు. మనమందరం చూసి నేర్చుకోవాలి" అన్నారు. నేను తల వంచుకుని కొంగు సర్దుకున్నాను. అలాంటప్పుడు మనిషి ఏం చెయ్యగలదు?

పది రోజులు గడిచాయి. డ్రమ్ములో బియ్యం మట్టం ఉండవలసిన చోట లేదు. ఎలుకలేమోనని అడుగంతా తడిమాను. కన్నం లేదు. కోడలు దొంగ చెవి చేయించిందేమోనని ముషీరాబాద్ వెళ్లే పక్కింటావిడ చేత కొత్త తాళం తెప్పించాను. కోడలు ఆ తాళాన్ని చూసి, "బాగుందండీ" అని నవ్వింది, అంతే. ఆ నవ్వు నాకు అప్పుడు అర్థం కాలేదు. చివరికి తూకంలోనే మోసం జరిగిందని తేల్చుకుని తార్నాకలో కంట్రోలు దుకాణానికి నడిచాను.

"ఏంది పెద్దమ్మా, పది దినాలైనంక వచ్చి తూకంల ఫరక్ ఉన్నదంటవు? నీ ముంగటనే తూచిన గదా" అన్నాడు దుకాణం వాడు.

"చూశాను. తక్కెడ మీద నీ బొటనవేలు కూడా చూశాను."

"నా వేలు ఎంత బరువుంటది పెద్దమ్మా? నీ ఇంట్ల ఎవరన్నా ఎక్కువ తింటున్నరేమో అడుగు పో."

ఇంక మిగిలింది దేవుడే. "ప్రభువా, ఈ బియ్యం నెలాఖరు దాకా వచ్చేలా చెయ్యి, కోడలి ముందు నా తల దించవద్దు" అని ప్రార్థనకు ఇంకో ముక్క కలిపాను. బియ్యం తగ్గేకొద్దీ ప్రార్థన పొడుగు చేశాను. ప్రార్థన పొడుగయ్యేకొద్దీ బియ్యం ఇంకా తగ్గింది. దేవుడికి నా మీద కోపం వచ్చిందనే అనుకున్నాను.

నెలాఖరుకు నాలుగు రోజులుందనగా డ్రమ్ము అడుగు కనబడింది. అది ఆదివారం. ఆరాధన అయ్యాక వసారాలో పిడికెడు బియ్యం రాశి పోశారు. నా జన్మలో ఆ రాశి దగ్గరికి పోలేదు. తలా ఒక రకం వేసిన బియ్యం, ఎలా ఉడుకుతుందని ఈసడించుకునేదాన్ని. ఆ రోజు మాత్రం, పాస్టరమ్మగారితో మాట్లాడే పని ఉందని మావాళ్లను ముందు పంపేసి, జనం పలచబడ్డాక నాలుగు రోజులకు సరిపడా కొలిపించుకుని సంచిలో పోయించాను. పైన బైబిలు పెట్టి, దాని మీద కొంగు కప్పాను.

క్యాంపస్ రోడ్డు ఎక్కేసరికి హాస్టలు వాచ్‌మన్ భార్య ఎదురైంది. మా క్వార్టర్సు వెనకే ఉంటారు వాళ్లు.

"గుడికెళ్లి వస్తున్నవా పెద్దమ్మా? గా సంచిల ఏమున్నది, మస్తు బరువున్నట్టున్నది."

"బైబిలు, పాటల పుస్తకం."

"గంత బరువా? గందుకే మీ పూజ గంతసేపు అయితది. ఇటియ్యి, నేను పట్టుకొస్త."

"వద్దమ్మా. దేవుడి వాక్యం ఎవరిది వాళ్లే మొయ్యాలి."

నాలుగడుగులు వేశానో లేదో వెనక నుంచి మళ్లీ పిలిచింది.

"పెద్దమ్మా, మీ బైబిల్లకెల్లి గింజలు రాలుతున్నయి. మా కోడి నీ ఎంబడి పడ్డది చూడు."

తిరిగి చూడలేదు. సంచి మూల పిడికిట్లో బిగించి పట్టుకుని, ఆ వయసులో ఎంత వేగంగా నడవవచ్చో అంత వేగంగా నడిచాను. కోడి మా గుమ్మం దాకా వచ్చింది.

మర్నాడు పొద్దున ఎప్పటిలా కొలిచి ఇచ్చాను. కోడలు వండింది. అబ్బాయి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు. కొన్ని మెతుకులు పేస్టులా అతుక్కున్నాయి, కొన్ని పలుకు మీదే ఉన్నాయి.

"అమ్మా, అన్నం రెండుసార్లు వండి కలిపారా?"

కోడలు లేచి చేటలో మిగిలిన బియ్యం అరచేతిలో పోసుకుని వెలుగులోకి పట్టింది.

"అత్తయ్యా, ఇందులో దొడ్డు బియ్యం ఉన్నాయి, సన్నం ఉన్నాయి, ఉప్పుడు బియ్యం కూడా ఉన్నాయి. మా బళ్లో పిల్లల్లాగా తలా ఒక ఊరి నుంచి వచ్చాయి."

"కంట్రోలు వాడు కలిపేసి ఉంటాడు."

"నిన్నటిదాకా కలపలేదే. ఇవి గుడి బియ్యం కదండీ?"

ఇంక దాచి లాభం లేదు. "అవును, కొన్నాను. మరి నా బియ్యం ఏమయ్యాయి? అది చెప్పండి ముందు. నలుగురం తిని తిని అంత తినలేదు" అని గొంతు పెంచాను.

"దేవుడికి వేశాను నాయనమ్మా" అంది మనవరాలు, కంచంలోంచి తల ఎత్తకుండానే.

"పిడికెడేగా వేసింది నువ్వు?"

"నువ్వు ఆమెన్ అనేదాకా నా పని చెయ్యమన్నావు. నువ్వు అనవు. నేను వేస్తూనే ఉన్నాను. మొన్నయితే చేతులు నొప్పి పుట్టాయి."

నాకు ఒక్కొక్కరే గుర్తొచ్చారు. మా ఆడబిడ్డ మనవలకు రెండు పిడికెళ్లు. బెస్తవాళ్లకు ఒకటి. మంత్రులకు మూడు. బియ్యం చాలించమని అడిగిన ముక్క ఒక్కదానికే ఎన్ని పోయాయో. ఎడమచేత్తో అడ్డం పెట్టుకున్న పత్రిక వెనక మా అబ్బాయి భుజాలు కదులుతున్నాయి.

అప్పుడు తట్టింది. సంచి అప్పగించే పని కోడలిది.

"నీకు తెలుసు. సంచి అంత నిండుతుంటే నువ్వు చూడలేదా?"

"చూశానండీ. మీరు భక్తి నేర్పుతున్నారు కదా, మధ్యలో అడ్డం రావడం ఎందుకని ఊరుకున్నాను."

"అది మోసం."

"నేను దేవుడికి పోనిచ్చాను. మీరు దేవుడి దగ్గర తెచ్చుకున్నారు. ఎవరిది మోసమో పాస్టరుగారిని అడుగుదామా?"

మాట మాటే. బొడ్లోంచి చెవి తీసి చేటలో పెట్టాను. కొత్త తాళం చెవి, ఇంకా మెరుపు పోలేదు. కోడలు దాన్ని తీసి తాళిబొట్టు గొలుసుకు తగిలించుకుంది. ఆ మిగిలిన కలగూర బియ్యం నెలాఖరు దాకా మా చేతే తినిపించింది. ఒక్క మెతుకు పారెయ్యలేదు. నాకు లోపల కొంచెం గర్వంగానే అనిపించింది గాని, పైకి పలుకు గొంతులో గుచ్చుకుంటోందని సణిగాను.

చెవి లేని మొదటి పొద్దు చాలా పొడుగ్గా ఉంది. ప్రార్థన అయ్యాక నన్నెవరూ పిలవలేదు. వంట అప్పటికే అయిపోయింది. నడుము దగ్గర చెయ్యి పెట్టి పెట్టి తీసుకున్నాను. మనవరాలు వచ్చి కొంగు పట్టుకుని లాగింది.

"రా, పెద్ద రాతి బడి చూసొద్దాం."

యూనివర్సిటీ కాలేజీ భవనానికి అది పెట్టుకున్న పేరు అది. రెండేళ్లుగా ఆ పక్కనే ఉంటూ నేను ఆ భవనం మెట్లెక్కలేదు. పొద్దున పూట నాకెప్పుడు తీరింది గనక. ఇద్దరం చేతులు పట్టుకుని నడిచాం. మెట్లెక్కేటప్పుడు అది నన్ను లాగింది, దిగేటప్పుడు నేను దాన్ని పట్టుకున్నాను. పైన స్తంభం నీడలో కూర్చుంటే రాయి చల్లగా, నున్నగా ఉంది. పుస్తకాలు పట్టుకుని పోతున్న ఆడపిల్లలు ఇద్దరు మమ్మల్ని చూసి ఆగారు.

"ఏం చదువుతున్నవు అవ్వా ఈడ?" అంది ఒకతె నవ్వుతూ.

"రెండో తరగతి. మధ్యలో ఆపేశాను. ఇవాళే మళ్లీ చేరాను" అన్నాను.

"మరి గీమె?"

"మా పంతులమ్మ. చెప్పింది చెప్పినట్టు చేయిస్తుంది, జాగ్రత్త."

మా పంతులమ్మ అప్పటికే లేచి నిలబడి, ఇంకో గుమ్మం కేసి చెయ్యి చాపి నన్ను రమ్మంటోంది.