వాసన లేని చలి

ఆ రోజుల్లో గుంటూరులో చలికి కూడా వాసన ఉండేది. మిర్చి కోల్డ్ స్టోరేజీ తలుపు తీయగానే అమ్మోనియా ముక్కు పట్టుకుని గుంజేది, కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి, అప్పుడుగానీ రైతుకి తన టిక్కీలు (మిర్చి బస్తాని మేము టిక్కీ అంటాం) చల్లగా ఉన్నాయన్న నమ్మకం కుదిరేది కాదు. నిజానికి గ్యాసు అలా కారకూడదు. మా మేనమామ యంత్రం మరీ పాతది. ఎనభైల చివర్లో, కొత్తగా డిప్లొమా పట్టుకుని ఆయన దగ్గర చేరిన నేను చెవినిల్లు కట్టుకుని పోరి, ఒక గదికి కొత్త రకం గ్యాసు పెట్టించాను. దానికి వాసన లేదు, పైగా ఫ్రిజ్జుల్లోని గ్యాసులాగా పైనున్న ఓజోను పొరని అంతగా పాడుచేయదని చదివాను. మావయ్య ఒక్కటే మాటన్నాడు: "ఈ సీజన్లో గది నిండకపోతే పొదిలి వెళ్ళి మీ నాన్న కందిచేలో పిట్టల్ని తోలుకో." నాకు పిట్టలంటే ఇష్టమేగానీ, ఇంజనీరుగారూ అని పిలిపించుకోవడం అంతకంటే ఇష్టం.

వినుకొండ వైపు నుంచి లారీ నిండా టిక్కీలేసుకుని వచ్చే పెద్దరైతుని ముక్కు తాత అనేవాళ్ళం. ఆయన ముక్కు ఒప్పుకుంటే వాళ్ళ ఊరంతా ఒప్పుకున్నట్టే. ఆయన గుమ్మంలో నిలబడి గట్టిగా గాలి పీల్చాడు. ముక్కు ఏమీ చెప్పలేదు.

"వాసనేదిరా?"

"ఉండదు తాతా. ఇది ఆకాశానికి మంచిది" అని ఓజోను గురించి నాకు తెలిసిందీ తెలియందీ కలిపి చెప్పాను.

"ఆకాశం సంగతి తర్వాత చూద్దాంగానీ, నా కాయల సంగతి చెప్పు. వాసన లేని చలిని నమ్మేదెట్టా?"

కందిచేలో పిట్టలు అప్పుడే కనిపిస్తున్నాయి. కాసేపు లోపల కూర్చోమని బతిమాలి, వాచ్‌మన్ కంబళి కప్పి, ఖాళీ గోతాల మీద కూర్చోబెట్టాను. బయట రోళ్ళు పగిలే ఎండ. లోపల మసక దీపం, మా ఊపిరే తెల్లగా పొగలా తేలుతోంది. తాత మాటలు మెల్లమెల్లగా సన్నబడి గురకలో కలిసిపోయాయి. మధ్యలో "దుప్పటి సరిగా కప్పవే" అన్నాడు. నేనే కప్పాను.

లేచి, కంబళి తీసి నా చేతికిచ్చాడు. "కలలో ధనుర్మాసంరా అబ్బాయీ. తెల్లారుజామున మంచులో చేనుగట్టు మీదున్నా. మీ మామ్మ చెంబుతో కాఫీ తెచ్చింది. ఎన్నాళ్ళయిందిరా దాన్ని చూసి" అని కళ్ళు తుడుచుకున్నాడు (అమ్మోనియా లేకుండానే). బయటికొచ్చి, "టిక్కీలు దింపండిరా" అన్నాడు.

తర్వాత వచ్చిన ఊరివాళ్ళంతా ఒక కునుకు తీస్తేగానీ టిక్కీలు దింపేది లేదన్నారు. మావయ్య కంబళ్ళు కొన్నాడు. ఆ వేసవంతా పెద్దమనుషుల్ని నిద్రపుచ్చి, చలికి బిగుసుకుపోకముందే లేపడమే నా ఇంజనీరు ఉద్యోగం. గది నిండింది, పిట్టల్ని నాన్నే తోలుకున్నాడు.

ఇప్పుడా గ్యాసు కూడా భూమిని వేడెక్కిస్తుందట. మొన్న ఒక ఇంజనీరమ్మాయి వచ్చి ఇంకా మంచిది పెట్టి, దాని గుణగణాలన్నీ ఓపిగ్గా వివరించింది. బుద్ధిగా విని, "కంబళి ఒకటి తెప్పించమ్మా, కాసేపు లోపల కూర్చుంటాను" అన్నాను.

"ఎందుకండీ?" అంది.

"ముక్కు తాత వస్తాడేమో చూడాలి."