అవ్వ తట్టిన ట్యాంకు

నిజామాబాద్‌లో కొన్న పాత గాలి కంప్రెసర్‌ను బోధన్ బస్సులో వెనక సీటు దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. మరునాడు మా షెడ్డులో మొదటిసారి ఒక కారుకు రంగు కొట్టాలి. తమ్ముడు కంప్రెసర్ పక్కనే నిలబడి రంగు చిమ్మే గన్ పట్టుకుంటాడు. గ్రంథాలయంలో కంప్రెసర్ల పుస్తకం ఒకటి రెండు నెలలు చదివి మోటారు శక్తి, గాలి ఒత్తిడి, గొట్టం పొడవు అన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను. అమ్మినవాడు కొద్దిగా గాలి నింపితే మీటరు ముల్లు లేచింది. అది చూశాకే కొన్నాను.

పక్కన ఒక అవ్వ ఒళ్లో కొత్త కుండతో కూర్చుంది. ఊరికే ఉండక వేలి కణుపుతో కంప్రెసర్ గాలి ట్యాంకును తట్టింది. పైన ఖంగుమంది. అడుగున మట్టిముద్దను కొట్టినట్టు వినిపించింది.

"అడుగు పలుకుతలేదు బిడ్డా. తట్టి సూడకుండనే కొన్నవా?"

"ఇది కుండ కాదవ్వా. దీనికి మీటరుంది."

"మీటరు లోపటికి పోయి సూసొచ్చిందా?"

ముందు సీటువాళ్లు నవ్వారు. నాకు ఒళ్లు మండింది. అవ్వ మాత్రం నవ్వలేదు. జానకంపేటలో దిగేముందు అడుగున మరోసారి తట్టి, నా మొహం చూసి వెళ్లిపోయింది.

షెడ్డుకు చేరగానే ట్యాంకు అడుగున బిరడా విప్పాను. తుప్పు నీళ్లు చాలాసేపు కారాయి. ఆ పక్కనే అడుగు రేకును స్క్రూడ్రైవర్‌తో నొక్కితే అది పిడి దాకా లోపలికి దిగిపోయింది. నిండా గాలి పట్టి ఉంటే, పేలేది తమ్ముడి కాళ్ల దగ్గరే.

కారు వేరే షెడ్డుకు పోయింది. నేను గ్రంథాలయానికి వెళ్లి ఆ పుస్తకమంతా మళ్లీ వెతికాను. తట్టి చూడమని ఎక్కడా లేదు. గ్రంథాలయం పుస్తకంలో రాయడం తప్పని తెలిసినా, మీటరు బొమ్మ కింద పెన్సిలుతో రాశాను: "ముందు అడుగు తట్టి చూడండి."