భుజం దగ్గర తెరుచుకునే చొక్కా

ఆ దర్జీకి పెళ్ళి కాలేదు. యాభై దాటినా ఇంట్లో అక్క ఒక్కతే తోడు. పక్షవాతంతో ఆమెకు మాట పడిపోయి, కుడిచెయ్యి చచ్చుబడ్డాక బట్టలు మార్చడమే రోజూ పెద్ద గండమైంది. చెయ్యి కాస్త ఎత్తితే చాలు, ప్రాణం పోయేట్టు మూలిగేది. ఒకరోజు ఆయన తన పాత చొక్కాను మెడ నుంచి చేతి అంచు దాకా కత్తిరించి, బ్యాగులకు వేసే, చరచర ఊడే వెల్‌క్రో పట్టీ కుట్టాడు. ఇక చెయ్యి కదపకుండానే తొడగవచ్చు. అలాంటివి నాలుగు కుట్టి, తన తెలివికి తనే మురిసిపోయాడు.

ఎనిమిది నెలలకు అక్క పోయింది. ఎవరికైనా పనికొస్తాయని ఆ చొక్కాలు ఉతికి ఆసుపత్రిలో ఇచ్చి వచ్చాడు. కొద్దిరోజులకే అక్కడి నర్సమ్మ దుకాణం వెతుక్కుంటూ వచ్చింది.

"ఇలాంటివి ఇంకా కుట్టిపెడతారా?"

"వంద కావాలన్నా కుట్టేస్తానమ్మా."

"వంద వద్దులెండి. ముందు ఒకసారి వార్డుకొచ్చి చూడండి. ఆ పట్టీ మెడ దగ్గర గీసుకుంటోంది. ఒక పెద్దాయనకి ఎర్రగా కందిపోయింది."

అక్క మెడ మీద ఆ ఎరుపు దర్జీ రోజూ చూశాడు. చెమటకాయలనుకుని పౌడరు అద్దాడు. "బాగుందా అక్కా?" అంటే ఆమె కళ్ళు మూసి తెరిచేది. దాంతోనే సరిపెట్టుకున్నాడు.

మర్నాటి నుంచి పొద్దున్నే వెళ్ళి వార్డులో ఓ మూల స్టూలు మీద కూర్చున్నాడు. బాగుందా అని ఎవరినీ అడగలేదు. తొడిగే చేతులనూ, తొడిగించుకునే ముఖాలనూ చూశాడు. పట్టీ తీసేసి నొక్కు బొత్తాలు పెట్టాడు. పక్కకు తిరిగి పడుకుంటే అవి ఒత్తుకుంటున్నాయని, ఆ బొత్తాల వరుసను భుజం ముందువైపుకు జరిపాడు. రెండేసి కుట్టడం, ఇవ్వడం, చూడడం, విప్పి మళ్ళీ కుట్టడం. ఏడోసారి కుట్టినదాన్ని తొడుగుతూ నర్సమ్మ రోగితో ఏవో కబుర్లలో పడిపోయింది; చొక్కా ఊసే ఎత్తలేదు. అప్పుడుగాని ఆయన గుడ్డ తానులు తెప్పించలేదు.

ఇప్పుడు నాలుగు ఆసుపత్రులకు ఆయన చొక్కాలే. దుకాణంలో ఆరు మిషన్లు ఆడుతున్నాయి. సాయంత్రం ఆరు కాగానే పనివాళ్ళు ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోతారు.

కొత్తగా వ్యాపారాలు పెట్టేవాళ్ళకు రెండు ముక్కలు చెప్పమని ఈమధ్య ఒక శిక్షణ కేంద్రం వాళ్ళు పిలిచారు.

"బాగుందన్న మాట నమ్మకండి. మనమంటే ప్రేమున్నవాళ్ళు ఎలాగూ బాగుందనే అంటారు. వాడేటప్పుడు పక్కన కూర్చుని చూడండి," అని, ఇంకేం చెప్పాలో తోచక వేదిక దిగిపోయాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

బయటికొచ్చాక ఈ సంగతి ఎవరికైనా చెబుదామని ఫోను తీశాడు. ఉన్న నంబర్లన్నీ బట్టల కొట్లవీ, ఆసుపత్రులవీ. ఫోను జేబులో పెట్టుకుని బస్సెక్కాడు.