అక్క పాపకు నేను పోసిన నీళ్ళు

మా అక్కను తాండూరు సంబంధానికి ఇవ్వడానికి మా నాన్న రెండు నెలలు తటపటాయించాడు. మేము వికారాబాద్‌లో మిషన్ వాళ్ళం, ప్రొటెస్టెంట్లం. నాన్న మిషన్ బడిలో పంతులు. పెళ్ళికొడుకు తాండూరు బండల గనిలో మేస్త్రీ, నెమ్మదస్తుడు. కానీ వాళ్ళు రోమను వాళ్ళు, కాథలిక్కులు. చివరికి పిల్లవాడి గుణం చూసి నాన్న ఒప్పుకున్నాడు. పెళ్ళి వాళ్ళ గుడిలోనే జరిగింది. పుట్టబోయే పిల్లలను వాళ్ళ మతంలోనే పెంచుతామని ఫాదర్ అక్కతోనూ బావతోనూ మాట తీసుకుంటుంటే, నాన్న నేల చూస్తూ నిలబడ్డాడు.

అక్క మొదటిసారి పుట్టింటికి వచ్చినప్పుడు, అన్నాల దగ్గర "ఆదివారం పూజకు పోయినం" అంది. నాన్న చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"పూజేందే? ఆరాధన అనరాదూ?"

"ఆడ అందరు పూజనే అంటరు నాయినా."

మేము బాప్తిస్మం అనేదాన్ని వాళ్ళు జ్ఞానస్నానం అంటారు. మా ప్రభువు బల్ల వాళ్ళకు సత్ప్రసాదం. మాకు రొట్టె ఒక గుర్తు. వాళ్ళకు అది సాక్షాత్తు దేవుని శరీరమే, పంటికి తగలకుండా మింగాలట. మా పాస్టరు అయ్యగారికి నలుగురు పిల్లలు, వాళ్ళ ఫాదర్‌కు పెళ్ళే ఉండదు. అత్తవారింట్లో మరియమ్మ పటం ముందు రోజూ దీపం పెడతారని, మమ్మల్ని వాళ్ళు పతితులని, దారి తప్పినవాళ్ళని అంటారని అక్క నవ్వుతూ చెప్పింది. నాకు అప్పుడు పన్నెండేళ్ళు. అవన్నీ నాకు తమాషా కబుర్లే.

తొలి కాన్పుకు అక్క మా ఇంటికి వచ్చింది. ఎనిమిదో నెలలోనే నొప్పులొచ్చి ఆడపిల్ల పుట్టింది. ఏడుపు కూడా సరిగా రాని పిల్ల. పాలు దూదితో తడిపి పెడితే సగం బయటికే వచ్చేవి. కబురందుకుని మూడో రోజు అక్క అత్తగారు ఒక్కతే తాండూరు నుంచి రైల్లో వచ్చింది. పాపను చూసిందో లేదో, మా అమ్మను నీళ్ళు అడిగింది.

"ఇప్పుడే జ్ఞానస్నానం ఇయ్యాలె. ఫాదర్ లేనప్పుడు ఎవ్వరు పోసినా చెల్లుతది. నేను పోస్త."

నాన్న గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు. "ఎందుకు చెల్లె గంత పరేషాన్? ఆదివారం మా అయ్యగారొస్తరు. సంఘం ముందర బాప్తిస్మం ఇస్తరు."

"ఆదివారం దాంక ఉంటదా అన్నా ఈ పిల్ల?"

"ఉండకపోతే మాత్రం? నీళ్ళల్ల ఏమున్నది? పసిపిల్లలను ప్రభువు ఊకెనే తీసుకుంటడు."

"నీళ్ళు పడకపోతే దేవుని మొహం చూడదు. నరకం గాదు, మోక్షం గాదు, నడుమ ఉండిపోతది."

"నా ఇంట్ల గీ మాటలొద్దు" అన్నాడు నాన్న. గొంతు పెంచలేదు. అయినా ఆమె వెనక్కి తగ్గింది. అది వియ్యంకుడి ఇల్లు, ఆమె ఒంటరి ఆడమనిషి. పక్కలో పడుకున్న అక్క ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

ఫాదర్‌ను తీసుకొస్తానని మరునాటి పొద్దున్నే ఆమె బయలుదేరింది. పోయేముందు నన్ను బావి దగ్గరికి పిలిచింది. ఆమె మాటల్లో కన్నడం దొర్లేది, అందుకని నెమ్మదిగా చెప్పింది.

"నేనొచ్చేలోపు పిల్ల కండ్లు తేలేస్తే, చెంబుతోని నెత్తి మీద మూడుసార్లు నీళ్ళు పొయ్యి బిడ్డా. పోస్తా పోస్తా, పిత పుత్ర ఇస్పిరితు సాంతు నామమున జ్ఞానస్నానం ఇస్తున్న అను."

నాకు నోరు తిరగలేదు.

"పోనీ మీ మాటల్లనే అను. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ. ముగ్గురి పేర్లూ చెప్పాలె. యాదికుంటదా?"

ఉంటుందన్నాను.

ఆ మధ్యాహ్నం నాన్న బడిలో ఉన్నాడు. అమ్మ మందు కోసం దవాఖానకు పోయింది. అక్క ఉన్నట్టుండి నా పేరు పెట్టి అరిచింది. లోపలికి పరుగెత్తితే పాప పెదవులు నీలంగా ఉన్నాయి. "అత్తమ్మ చెప్పింది గదనే, జల్ది పొయ్యి!" అంది అక్క. కడవలో చెంబు ముంచి తెచ్చాను. ఆ తొందరలో సగం నీళ్ళు అక్క చీర మీదే పడ్డాయి. మిగిలినవి ఆ చిన్న తల మీద పోశాను. నేర్చుకున్న మాట ఒక్కటీ రాలేదు. "యేసయ్యా, యేసయ్యా" అన్నాను. మూడుసార్లు పోశాను, మూడుసార్లూ అదే అన్నాను. అమ్మ తిరిగి వచ్చేసరికి పాప లేదు.

సాయంత్రం బండికి అత్తగారూ బావా ఫాదరూ దిగారు. నాన్నే ఎదురు వెళ్ళి ఫాదర్‌కు కుర్చీ వేశాడు. అత్తగారు సరాసరి నా దగ్గరికి వచ్చింది.

"పోసినవా బిడ్డా?"

"పోసిన."

ఆమె కళ్ళు మూసుకుని గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంది. ఫాదర్ మలయాళం మనిషి, తెలుగు ఆచితూచి మాట్లాడేవాడు. "ఏమని పోశావమ్మా?" అని అడిగాడు.

ఏం చెప్పాలో నాకు తెలుసు. అక్క నావైపే చూస్తోంది. నాన్న కూడా. నాన్న చూపులో ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు. అబద్ధం చెప్పమని ఉందేమోనని తర్వాత చాలాసార్లు అనిపించింది. కానీ ఆ తెల్ల అంగీ ముందు నాకు అబద్ధం రాలేదు.

"యేసయ్యా అన్న."

"ఇంకేమీ అనలేదా? తండ్రి పేరు?"

తల అడ్డంగా ఊపాను. ముగ్గురి పేర్లూ చెప్పకపోతే అది జ్ఞానస్నానం కిందికి రాదన్నాడు ఫాదర్. దేవుని దయకు మనం హద్దులు పెట్టలేమన్నాడు. అయితే తాండూరులో వాళ్ళ బొందలగడ్డలో, దీవించిన నేలలో ఈ పాపకు చోటు ఇవ్వలేనన్నాడు. ఆ మాట చెబుతుంటే ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. బావ గోడకు ఒరిగి కూర్చుండిపోయాడు.

"మా దగ్గర పెడ్తం" అన్నాడు నాన్న.

మర్నాడు పొద్దున మిషన్ బొందలగడ్డలో పాతిపెట్టాం. అయ్యగారు పల్లెలకు పోయి ఉంటే నాన్నే వాక్యం చదివాడు. చదువుతూ రెండుసార్లు ఆగిపోయాడు. మా ప్రార్థనలో కలవడం వాళ్ళకు నిషేధం. అందుకని అత్తగారు గేటు బయటే ఎండలో నిలబడి జపమాల తిప్పుకుంది. బావ మాత్రం లోపలికి వచ్చాడు. మట్టి ఆయనే వేశాడు.

అక్కకు తర్వాత ఇద్దరు కొడుకులు పుట్టారు. ఇద్దరికీ పుట్టిన రోజే జ్ఞానస్నానం అయింది, ఈసారి నాన్న ఏమీ అనలేదు. ఏటా చనిపోయినవారి పండుగకు అత్తగారింట్లో పోయినవాళ్ళ పేర్లన్నీ రాసి పూజకు ఇచ్చేవారు. ఆ పాపకు పేరే పెట్టలేదు. పెట్టి ఉన్నా, జ్ఞానస్నానం చెల్లని బిడ్డ కోసం ఆ పూజ కాదట. మేమా, పోయినవాళ్ళ కోసం అసలు ప్రార్థించం. మా నమ్మకం ప్రకారం దాని అవసరమే లేదు.

పదేళ్ళు దాటాక ఒకసారి తాండూరు వెళ్ళాను. అత్తగారికి చూపు మందగించింది. గొంతును బట్టి నన్ను గుర్తుపట్టి, చెయ్యి పట్టుకుని దగ్గర కూర్చోబెట్టుకుంది.

"నీ తప్పేం లేదు బిడ్డా. ఆ పొద్దు నేనే పోసి పోవాల్సింది. మీ నాయిన వద్దంటే ఎందుకు ఆగిన్నో."

నాన్న అప్పటికి రెండేళ్ళ క్రితమే పోయాడు. ఆయన కూడా చివరి రోజుల్లో ఒకసారి, "ఆమెను పొయ్యనిస్తే ఏంబోయేదే" అన్నాడు. ఆ మాట ఆమెకు చెబుదామనుకున్నాను. చెబితే ఆమెకు ఊరటో, ఇంకా బరువో తేల్చుకోలేక ఆమె చెయ్యి పట్టుకుని అలాగే కూర్చున్నాను.