బీరువాలో పంతొమ్మిది రోజులు

మా ఎదురింటావిడ పోయారన్న ఫోను నాకు రాలేదు, నా మనవరాలికి వచ్చింది. పోయిన గురువారం ఉదయం ఏడుంపావుకు నేను వంటింట్లో చింతపండు నానబెడుతుంటే, తను ఫోను చెవి దగ్గరే పట్టుకొని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "అమ్మమ్మా, అవ్వ పోయిందట. దవాఖానలోనే. గుండె ఆగిపోయిందట" అంది. ఫోను చేసింది పుప్పాలగూడలో ఉండే ఆవిడ కూతురు. ఎదురెదురు తలుపుల వాళ్లం, ఇంచుమించు ఒక ఈడు వాళ్లం. కబురు చెప్పాలంటే ముందు నాకు కదా చెప్పాలి? నా మనసులోకి మొదట వచ్చింది దుఃఖం కాదు, ఈ లెక్క. రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ ఆవిడ గురించి నేను రాసేది నిజం కావాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

నేను గుంటూరు దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పాను. మావారు పోయాక నల్లగండ్లలో కూతురి దగ్గరికి వచ్చేశాను. కూతురూ అల్లుడూ పొద్దున వెళితే దీపాలు పెట్టే వేళకు గాని రారు. మనవరాలిని పెంచింది నేనే. ఏ బడి, ఏ గ్రూపు, ఏ కాలేజీ అన్నది తేల్చవలసి వచ్చినప్పుడల్లా అది నా దగ్గరికే వచ్చేది. నేను కాగితం మీద గళ్లు గీసి, ప్రతి అంశానికీ నూటికి ఇన్ని అని మార్కులు వేసి, కూడి చూపించేదాన్ని. ఎక్కువ మొత్తం వచ్చినదాన్ని ఎంచుకొనేది. ఆ పిల్ల నన్ను అడగడం మానేసిన రోజున ఈ ఇంట్లో నాకు మిగిలేది కూరగాయలు తరిగే పని ఒక్కటే. ఆ సంగతి నాకు తెలుసు.

ఎదురింటావిడ రెండేళ్ల కిందట వచ్చారు. పుట్టింది చందానగర్ పక్కన. ఒక ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కర్మాగారంలో, తయారైన బోర్డులను పరీక్షించే విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. మా మనవరాలు ఎలక్ట్రానిక్స్ చదువుతోందని లిఫ్టులో తెలియగానే ఆవిడ ముఖం వెలిగిపోయింది. "ఆంటీ గీంటీ వద్దు బిడ్డా, అవ్వా అను. రేపటి సంది రా, నా సామానంత చూపిస్త" అన్నారు. అలా ఈ గుమ్మంలో అమ్మమ్మ, ఆ గుమ్మంలో అవ్వ అయ్యాం. మధ్య దూరం ఆరడుగులు.

ఆవిడకు కొన్ని అలవాట్లుండేవి. ఏ బోర్డునైనా ముట్టుకొనే ముందు కిటికీ ఇనుప ఊచను ఒకసారి పట్టుకొని వదిలేవారు. ఒంట్లో ఉన్న కరెంటు బోర్డుకు తగలకూడదట. కొత్త బోర్డు చేతికొస్తే ముందు వెనక్కి తిప్పి చూసేవారు. "ముంగట అందరు ముస్తాబైతరు బిడ్డా, ఎనక చూడాలె" అనేవారు. మరలన్నీ పచ్చడి సీసాల్లో, సైజుల వారీగా. చీటీల మీద రాత మాత్రం కోడి గీతలు. ఆ ఇంట్లో నేను తప్పు పట్టగలిగింది ఆ రాత ఒక్కటే.

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి మనవరాలి చెప్పులు ఎదుటి గుమ్మం ముందు ఉండేవి. లోపల నవ్వులు. మా ఇంట్లో ఆ పిల్ల అంత పెద్దగా నవ్వడం నేను వినలేదు. ఒకరోజు అన్నానికి పిలిస్తే "జర ఆగు అమ్మమ్మా" అంది. "జర ఏమిటి? కాస్త అను" అన్నాను. "అవ్వ గిట్లనే అంటది" అని నవ్వింది. రోజూ ప్రార్థనలో అందరి పేర్లూ వరసగా వచ్చేవి, ఆవిడ పేరు దగ్గర నా నాలుక ఆగేది.

ఇక బోర్డు సంగతి. చివరి సంవత్సరం ప్రాజెక్టుకు మనవరాలు ఎఫ్‌పీజీఏ బోర్డు కొనాలంది. మామూలు చిప్పు పుట్టినప్పుడే దాని పని రాసిపెట్టి ఉంటుందట. ఈ చిప్పు లోపలి అమరికను మాత్రం మనమే రాసి, చెరిపి, మళ్లీ రాసుకోవచ్చట. బొమ్మలోని బోలెడు చుక్కల మీద ఒకేసారి పనిచేయించాలంటే ఇదే మేలట. తన ప్రాజెక్టు ఇది: రోడ్డు దాటేచోట కెమెరా పెట్టాలి. ఇప్పుడు తీసిన బొమ్మను అంతకు ముందరి బొమ్మతో పోల్చాలి. కదలనిదంతా తెర మీద నల్లగా పోతుంది, కదిలింది తెల్లగా కనిపిస్తుంది. నాలాంటి ముసలివాళ్లు అవతలి గట్టు చేరేదాకా సిగ్నల్ ఆగుతుంది.

రెండు బోర్డులు తూకంలో నిలిచాయి. నేను తొమ్మిది గళ్లు గీశాను. చిప్పులో ఎన్ని అరలున్నాయి, ఎంత వేగం, గుణకార విభాగాలెన్ని, బయటి పిన్నులెన్ని, ధర, సాఫ్ట్‌వేర్ ఉచితమా కాదా, నేర్చుకొనే పుస్తకాలున్నాయా, కెమెరా పెట్టే చోటు ఉందా, బయటి మెమరీ ఎంత. మొదటి బోర్డుకు ఏడు గళ్లలో ఎనభైకి తగ్గలేదు. కెమెరా చోటు లేదు కనుక అక్కడ సున్నా, బయటి మెమరీ కొంచెమే కనుక ఇరవై ఐదు వేశాను. అయినా మొత్తం ఆరువందల నలభై ఐదు. రెండోదానికి ఐదువందల ఎనభై ఒకటి. తేలిపోయింది కదా అన్నాను.

"బాగుంది అమ్మమ్మా. అవ్వను కూడా ఒకసారి అడుగుతా" అంది.

కూడా!

మర్నాడు బుధవారం. మధ్యాహ్నం మనవరాలు కాలేజీలో ఉండగా ఎదురింటావిడ బెల్లు కొట్టారు. చేతిలో గుడ్డలో చుట్టిన పాత బోర్డు. "టీచరమ్మా, బోర్డు కొంటున్న అని పిల్ల పొద్దుగాల లిఫ్టుల చెప్పింది. నేను పుప్పాలగూడల మా బిడ్డ దగ్గర కొన్ని దినాలుండి వస్త, పిల్లకు గిది ఇయ్యుండ్రి. కొనకముందు దీని మీద పెట్టి చూడుమనుండ్రి. ముందటి బొమ్మ యాదిల నిలవాలె గదా, లేకుంటే ఏం కదిలిందో ఎట్ల తెలుస్తది? కొనేదాంట్ల అది పడ్తదో లేదో చూసుకోమనుండ్రి" అన్నారు.

"అలాగేనండీ, చెబుతాను" అన్నాను. తలుపు వేసి, ఆ బోర్డును బీరువాలో పట్టుచీరల కింద పెట్టాను. ఆ సాయంత్రం అల్లుడు రాగానే, "పిల్లకు బోర్డు ఖాయమైంది, ఆర్డరు పెట్టు నాయనా" అని నా కాగితం చూపించాను. మనవరాలు అవ్వను అడిగేలోపు పెట్టించాలన్నదే నా తొందర. పెట్టించాను.

బోర్డు వచ్చింది. నిగనిగలాడుతూ, వరసగా దీపాలతో ఎంతో ముస్తాబుగా ఉంది. కెమెరాకు చోటు లేదు కనుక మనవరాలు పిన్నులకు తీగలు గుచ్చింది. బొమ్మ వణికింది. వణుకు తగ్గించేసరికి ముందరి బొమ్మ చిప్పులో నిలవలేదు. చిన్న బొమ్మ తీస్తే నిలిచింది గాని, రోడ్డు అవతలి మనుషులు చీమతలలంత అయ్యారు. కాలేజీలో రివ్యూ వారం రోజుల్లో ఉంది. ఒక సోమవారం సాయంత్రం తీగలన్నీ పీకి బల్ల మీద పడేసి, ఏడుపు ఆపుకుంటూ, కూతురి దగ్గర నుంచి అప్పుడే తిరిగొచ్చిన ఆవిడ కోసం ఎదురింటికి వెళ్లింది. నేను వెనకే వెళ్లాను.

ఆవిడ ముందు ఇనుప ఊచ పట్టుకున్నారు. తర్వాత కొత్త బోర్డు వెనక్కి తిప్పి చూశారు. నా కాగితం అడిగారు. కళ్లద్దాలు సర్దుకొని రెండుసార్లు చదివారు.

"టీచరమ్మా, ఆరువందల నలభై అడ్డానికి, నాలుగువందల ఎనభై నిలువుకు. ఎంతయితది?"

"మూడు లక్షల ఏడువేల రెండువందలు." నాకు కాగితం అక్కర్లేదు.

"చుక్కకు ఒక్క బైటు. ఈ చిప్పు కడుపుల పట్టేది రెండు లక్షల ముప్పైవేల నాలుగువందల బైట్లు."

"డెబ్బై ఆరువేల ఎనిమిదివందలు చాలదు" అన్నాను. ఆ లెక్క నేను ఎప్పుడైనా చేయగలిగి ఉండేదాన్ని. చేయాలని తోచలేదు, అంతే.

"బయటి మెమరీ ఉంది గదా అవ్వా?" అంది మనవరాలు.

"ఉంది, ప్రోగ్రాము దాచుకునేటందుకు. తాపతాపకు బొమ్మ రాసి చెరిపేంత ఉరుకుడు దానికి ఏడిది?" ఆవిడ నా వైపు తిరిగారు. "మీ బడిల టోటల్ ఫస్టొచ్చి, హిందీల సున్నా వస్తే ఆ పోరని పాస్ చేస్తుండ్రా?"

"చెయ్యం."

"మరి బోర్డును ఎట్ల పాస్ చేసిండ్రు?"

మనవరాలు పకపకా నవ్వింది, కళ్లలో నీళ్లు ఉండగానే. ముప్పై నాలుగేళ్లు మార్కుల రిజిస్టర్లు రాసినదాన్ని. ఒక్క సబ్జెక్టు పోతే మొత్తానికి విలువ లేదని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నా గెలుపు తొందరలో కూడిక చేసి, ఫలితం చూడడం మరిచాను.

అప్పుడు ఆవిడ నా కళ్లలోకి చూశారు. ఒక్కమాట చాలు: 'పంతొమ్మిది రోజుల కింద బోర్డు ఇచ్చిన గదా, ఏమాయె?' ఆ పిల్ల ముందు నా పని అయిపోయేది.

"ఫికర్ చెయ్యకు బిడ్డా. నా పాత బోర్డు మీ ఇంట్లనే ఉంది. మీ అమ్మమ్మ చేతికిచ్చిన గాని, ఎందుకో ఏందో సక్కగ చెప్పకపోతి. నాదే తప్పు. టీచరమ్మా, జర తెచ్చిస్తరా?"

నేను వెళ్లి పట్టుచీరల కింద నుంచి తీసి తెచ్చాను. పాతదైనా దానికి బయటి మెమరీ పెద్దది, వేగమైనది. మరో నాలుగు రోజుల్లో దాని మీద బొమ్మ నిలిచింది. పైగా ఆవిడ మనవరాలితో అన్నారట: "మీ అమ్మమ్మ ఆ రెండు గళ్లు గీసి, నిజాయితీగ సున్నా ఏసింది గనుక ఎక్కడ ఆగిందో తెలిసింది. ఆ కాగితం పారెయ్యకు."

చదివేవాళ్లు నేను కరిగిపోయాననుకోవచ్చు. లేదు. ఇంకా ఎక్కువ కుళ్లుకున్నాను. అంతకు ముందు ఆవిడ తెలివిని చూసి అసూయ, ఆ రోజు నుంచి ఆవిడ మంచితనాన్ని చూసి అసూయ. తెలివిలోనైతే ఎక్కడో ఒకచోట మించిపోవచ్చని ఆశ ఉంటుంది.

ఒక నెల తర్వాత లిఫ్టులో ఇద్దరమే ఉన్నాం. నాలుగో అంతస్తు దాటాక ఎలాగో నోరు తెరిచాను. "ఆ బోర్డు నేను కావాలనే ఇవ్వలేదండీ" అన్నాను.

"ఎరుకనే" అన్నారు. "మా ఇంట్ల నవ్వినప్పుడల్ల మీ వంటింట్ల గిన్నెల సప్పుడు పెద్దగైతుండె."

"పిల్లకు నేను చెప్పాలి."

"చెప్తరో, చెప్పరో, మీ ఇష్టం. నేనైతే చెరిపేసిన. కొత్త బొమ్మ వస్తుంటే పాతది చెరిగిపోవాలె టీచరమ్మా, జాగ చాలదు."

లిఫ్టు ఏడో అంతస్తులో ఆగింది. ఆవిడ చేతిలో సొరకాయ ఉంది. సగం కోసి పంపిస్తానన్నారు, పంపించారు. నేను మనవరాలికి చెప్పలేదు. ప్రాజెక్టు పూర్తికానీ అనుకున్నాను. తర్వాత పరీక్షలు కానీ అనుకున్నాను. మంగళవారం ఆవిడకు ఆయాసం వచ్చిందని ఆస్పత్రిలో చేర్చారు. గురువారం ఫోను వచ్చింది.

నిన్న శనివారం మనవరాలు ప్రాజెక్టు రిపోర్టు తెచ్చి, తప్పులు దిద్దమని నా ముందు పెట్టింది. రెండో పేజీ కృతజ్ఞతలు. అందులో ముందు నేను ఉన్నాను: బోర్డు ఎంపికలో దారి చూపిన మా అమ్మమ్మకు. తర్వాతి వరుసలో ఆవిడ. ఇన్నాళ్లూ నేను కోరుకున్నది ఆ వరస క్రమమే. ఎర్ర పెన్ను మూత తీశాను. చెప్పేవాళ్లు లేరు, చెప్పడం మీ ఇష్టమన్న ఆవిడ కూడా వెళ్లిపోయారు. నేను నోరు మూసుకుంటే ఆ పేజీ అలాగే అచ్చవుతుంది.

నా పేరున్న వరుస కొట్టేశాను.

"ఇదేంటి?" అంది.

చెప్పాను. బుధవారం మధ్యాహ్నం బెల్లు నుంచి సోమవారం సాయంత్రం దాకా, పట్టుచీరలతో సహా.

"పంతొమ్మిది రోజులా అమ్మమ్మా? నేను ఏడుస్తుంటే కూడా?"

"అప్పుడు కూడా."

"అవ్వకు తెలుసా?"

"తెలుసు."

తను కోప్పడితే బాగుండేది. రిపోర్టు మూసి, బల్ల మీదున్న ఆవిడ బోర్డు దగ్గరికి వెళ్లి కూర్చుంది. సోమవారం వైవాకు ఒకసారి నడిపి చూసుకోవాలి. కెమెరాను బాల్కనీ వైపు తిప్పబోయి, ఎందుకో మా వీధి తలుపు వైపు తిప్పింది. తలుపు తెరిచే ఉంది. నేను ఎక్కడ నిలబడాలో తెలియక గోడ పక్కన నిలబడ్డాను. కాసేపటికి నా వైపు చూడకుండానే కాలితో పక్క కుర్చీని వెనక్కి నెట్టింది. వెళ్లి కూర్చున్నాను.

తెర నల్లగా ఉంది. ఎదుటి తలుపు కదలదు కనుక కనిపించలేదు, తాళం కనిపించలేదు, గోడ కనిపించలేదు. అంతలో లిఫ్టు కిందికి వెళ్లినట్టుంది, వరండాలో చిన్న గాలి కదిలింది. ఎప్పుడో పండక్కి ఆవిడ గుమ్మానికి కట్టిన మామిడాకులు, ఎండి ముడుచుకున్నవి, ఆ నలుపులో ఐదారు తెల్లటి గీతలై కదిలి, ఆగి, మాయమయ్యాయి. మళ్లీ గాలి వస్తుందేమోనని ఇద్దరం తెర వైపే చూస్తూ కూర్చున్నాం.