తలుపు ఆడుతోందా?

మా బావ ఒకసారి రేసు కారుని తడిబట్ట పిండినట్టు పిండితే పెట్రోలు ధారగా కారింది. నా కళ్ళారా చూశాను.

సరే, పెట్రోలు కారలేదు. పిండింది కూడా బావ చేతులు కాదు, జాకీ. అబద్ధమాడితే కాన్వెంటులో సిస్టర్లు మోకాళ్ళ మీద నిలబెట్టేవారు గనక ఇంతవరకూ దిగి వస్తున్నాను, ఇంతకన్నా దిగను. కారు మెలిపడిన మాట మాత్రం నిజం. ఒక్క మూలే జాకీతో లేపితే, ఒళ్ళు గట్టిగా లేని కారు మెలితిరుగుతుంది. తలుపు చట్రంలో పట్టేస్తుంది. కారు ఎంత గట్టిదో బావ అలాగే తేల్చేవాడు.

బావంటే మా చెల్లెలి మొగుడు. వెల్డింగు షెడ్డు నడుపుతాడు. వీధిలో అందరూ "బిర్రు" అంటారు. అతను మూత బిగించిన డబ్బా తీయించుకోవడానికి మా చెల్లెలు పక్కింటి తలుపు తట్టేది. జాకీ పరీక్షలో తనకీ ఓ ఉద్యోగం ఉండేది. బావ మూల లేపగానే పక్క సీట్లో కూర్చుని తలుపు తీసి వేసేది.

"ఆడుతోందా?" అని కారు కింద నుంచి కేక.

"మీ మొహంలా బిగుసుకుపోయింది!" అని పైనుంచి జవాబు.

కారుని బిగించే కడ్డీలు ఎక్కడ వెయ్యాలో ఆ మాట మీదే నిర్ణయమయ్యేది. పోయిన వానాకాలం జ్వరం వచ్చి చెల్లెలు పోయింది. తర్వాత బావ ఆ పరీక్ష మానేశాడు. చేత్తో నొక్కి చూసి, చాల్లే అనేవాడు.

వాళ్ళమ్మాయి ఆ కారులోనే కొండదారి పందేలకు వెళ్తుంది. మలుపులో కారు ముందుభాగం ఒకవైపు, వెనకభాగం ఇంకోవైపు పోతున్నాయని చెబుతూనే ఉంది. ఓ పందెంలో జారి గట్టును గుద్దింది. మెడకు పట్టీతో తిరిగొచ్చింది.

బావ ఆ రాత్రే కారుని షెడ్డులోకి తోయించాడు. మర్నాడు ఇంజను పైన, ముందు రెండు చక్రాల సస్పెన్షన్ పై కొనలనూ కలుపుతూ అడ్డకడ్డీ బిగించాడు. చాలలేదు. నేల కింద ఇనప బద్దలు వేశాడు. చాలలేదు. కనిపించిన ప్రతి అతుకు వెంబడీ వెల్డింగు చేశాడు.

"పంజరం వెయ్యి నాన్నా," అంది అమ్మాయి. లోపల పైకప్పు నుంచి నేల దాకా గొట్టాల చట్రం అన్నమాట. కారు బిగుస్తుంది, బోల్తా పడినా మనిషి బతుకుతుంది.

"బరువు పెరుగుతుందమ్మా."

"నా మెడ కన్నా ఎక్కువా?"

"ఎక్కడం, దిగడం కష్టం."

"ఎక్కేది నేను. నీకేం?"

బావ నా వైపు చూశాడు. అప్పుడర్థమైంది నాకు. పంజరం వేస్తే రెండు తలుపులకూ అడ్డంగా గొట్టాలొస్తాయి. డ్రైవరైతే ఎలాగోలా కిటికీలోంచి దూరుతుంది. పెరిగే బరువుకి బదులు, మా చెల్లెలు కూర్చునే పక్క సీటు మాత్రం పీకెయ్యాల్సిందే.

"వేసెయ్ బావా," అన్నాను. "ఉన్నది ఒక్క పిల్ల."

వేశాడు. ఎవరైనా కారు లోపలంతా ఖాళీ చేశాకే వెల్డింగు మొదలుపెడతారు. బావ డ్రైవరు సీటు తీశాడు, కింద పరిచిన తివాచీ తీశాడు, పక్క సీటు మీద మాత్రం తడిగోనె కప్పి వెల్డింగు చేశాడు. ఆఖరి గొట్టం అతికాక చూస్తే సీటు పంజరంలో ఉంది. పాతకాలపు లావు సీటు, ఏ సందులోంచీ బయటికి రాదు. వేరేవాళ్ళు ఇలాంటి పని చేస్తే ఏడు తరాలనూ తిట్టే మనిషి, తల వంచుకుని నిలబడ్డాడు.

"గొట్టమైనా కొయ్యాలి, సీటైనా కొయ్యాలి," అన్నాను.

"కోసి అతికిన గొట్టాన్ని నమ్మి పిల్లని పంపను," అని గ్రైండరు తీసుకుని సీటు మీదికి వంగాడు. చక్రం తిరుగుతోంది. చెయ్యి ముందుకు పోవడం లేదు.

అమ్మాయి వెళ్ళి ప్లగ్గు పీకేసింది.

"ఉండనీ నాన్నా. అమ్మేమంత బరువు? ఆసుపత్రి మెట్లు నేనొక్కదాన్నే ఎత్తుకుని దిగాను."

కాసేపటికి బావ జాకీ తెచ్చాడు. వెనక మూల లేపి కారు కింద దూరాడు. చెల్లెలు పోయాక అదే మొదటిసారి. లోపలికి ఎక్కే దారి లేదు గనక నేను బయటే నిలబడి పక్క సీటు తలుపు తీసి వేశాను. ఒక్క వేలితో కదిలింది. కింద నుంచి కేక వస్తుందని చూశాను. రాలేదు.

"ఆడుతోంది బావా," అన్నాను.

 కాళ్ళు బయటికి కనిపిస్తున్నాయి. చాలాసేపు అలాగే ఉండిపోయాడు. అమ్మాయీ నేనూ ఆ కాళ్ళ దగ్గరే నేల మీద కూర్చున్నాం.

ఇదంతా రాసి బావకి చదివి వినిపించాను. విని, చేతిలోని డబ్బా మూత ఇంకో చుట్టు బిగించాడు.

"ఒక్క ముక్క నిజం లేదు. మీ చెల్లెలికి కారెక్కితే వాంతులు, ఎప్పుడూ ఎక్కలేదు. పనిలో నేను పొరపాటు చెయ్యడమేంటి? అసలా కారుకి పక్క సీటే లేదు బావా."